బిర్యానీ తిని ఆసుపత్రి పాలయ్యాం, హోటల్ మాత్రం తెరిచే ఉంది. ఫుడ్ సేఫ్టీ కేసుల్లో శిక్ష పడుతుందా అసలు?

సీతమ్మధార_శ్రీను
పోయిన నెల మా మేనకోడలి పుట్టినరోజుకి విశాఖ సిటీలో ఒక హోటల్ నుంచి బిర్యానీ తెప్పించాం. పేరు రాయను, కేసు ఏ దశలో ఉందో నాకే తెలియదు కాబట్టి. తెల్లవారేసరికి ఇంట్లో తిన్నవాళ్లందరికీ వాంతులు, విరేచనాలు. పాపని ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఫుడ్ సేఫ్టీ వాళ్లకి ఫిర్యాదు చేస్తే వచ్చారు, వంటగది చూశారు, శాంపిల్ తీశారు, నోటీసు ఇచ్చారని చెప్పారు. వారం తిరక్కుండా అదే హోటల్ ముందు డెలివరీ కుర్రాళ్లు బళ్లు పెట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. చూస్తే కడుపు మండిపోయింది.

చట్టంలో జైలు ఉందంటారు, పది లక్షల ఫైన్ అంటారు. పేపర్లో "హోటళ్లపై దాడులు, కుళ్లిన మాంసం స్వాధీనం" అని ఫోటోతో సహా వస్తుంది. ఆ తర్వాత ఏమైందో ఏ రోజూ రాదు. నిజంగా ఎవరికైనా ఫైన్ పడుతుందా? ఎవరు వేస్తారు, ఎంత వేస్తారు, కట్టించుకుంటారా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గాజువాక_గోపి
ఏమీ అవదు. వస్తారు, ఫోటో దిగుతారు, వెళ్లిపోతారు. మా వైపు చూస్తూనే ఉన్నాం కదా.

మధురవాడ_అమ్మ
పాపకి ఎలా ఉంది ఇప్పుడు?

సీతమ్మధార_శ్రీను
బాగానే ఉందండీ, స్కూలుకి వెళ్తోంది. బిర్యానీ అంటే మాత్రం మొహం తిప్పేస్తోంది.

మధురవాడ_అమ్మ
పోనీలే, పెసరట్టు అలవాటు చేయండి. ఆసుపత్రి కాగితాలు మాత్రం ఒక్కటి కూడా పారేయకండి, డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు అన్నీ. రేపు అవే పనికొస్తాయి.

కోర్టురోడ్డు
గోపి గారూ, "ఏమీ అవదు" అనడం సరికాదు. అవుతుంది, కానీ మనకి కనపడని చోట అవుతుంది. ఇలాంటి కేసులు కొన్ని చూశాను కాబట్టి రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

1954 నాటి కల్తీ నిరోధక చట్టం ఉన్నప్పుడు దాదాపు ప్రతి కేసూ క్రిమినల్ కేసే, మేజిస్ట్రేట్ దగ్గరికే వెళ్లేది. లేబుల్ మీద తేదీ లేకపోయినా అక్కడికే, పాలలో విషం కలిపినా అక్కడికే. దాంతో ఏళ్ల తరబడి నడిచేవి. 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం తెచ్చి, 2011 ఆగస్టు 5 నుంచి అమలు చేశారు. ఇందులో రెండు దారులు పెట్టారు.

ఆరోగ్యానికి నేరుగా హాని లేని తప్పులు చాలావరకు జరిమానా దారి. వీటిని విచారించేది జడ్జి కాదు, జాయింట్ కలెక్టర్ (జేసీ). ఆయన్ని అడ్జుడికేటింగ్ ఆఫీసర్ అంటారు. నాసిరకం సరుకైతే 5 లక్షల దాకా, లేబుల్ తప్పైతే 3 లక్షల దాకా, అపరిశుభ్రంగా వండితే లక్ష దాకా, తిండిలో పురుగో ఇనుప మేకో వస్తే లక్ష దాకా, తప్పుదోవ పట్టించే ప్రకటన ఇస్తే 10 లక్షల దాకా. ఇక్కడ "దాకా" అన్నది చాలా ముఖ్యం. పేపర్లో రాసే పది లక్షలు పై హద్దు మాత్రమే. ఎంత లాభం చేసుకున్నాడు, ఎవరికి ఎంత నష్టం జరిగింది, ఇదే తప్పు మళ్లీ మళ్లీ చేస్తున్నాడా, తెలిసి చేశాడా తెలియక చేశాడా అన్నవి చూసి తేల్చమని 49వ సెక్షన్ చెబుతుంది. అందుకే చాలావరకు వేలల్లోనే తేలిపోతాయి.

రెండో దారి క్రిమినల్. తిండి "అన్‌సేఫ్" అని ల్యాబ్ తేలిస్తే 59వ సెక్షన్. ఎవరికీ ఏమీ కాకపోయినా మూడు నెలల దాకా జైలు, 3 లక్షల దాకా ఫైన్. 2023లో జన్ విశ్వాస్ చట్టం వచ్చేవరకు ఇది ఆరు నెలలు, లక్షగా ఉండేది, జైలు తగ్గించి ఫైన్ పెంచారు. జబ్బు చేస్తే ఏడాది దాకా జైలు, 3 లక్షలు. తీవ్రమైన హాని జరిగితే ఆరేళ్లు, 5 లక్షలు. మనిషి పోతే కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా వేయొచ్చు, ఫైన్ 10 లక్షలకి తగ్గకూడదు. ఇవి మాత్రం కోర్టుకే వెళ్తాయి, అదీ ఫుడ్ సేఫ్టీ కమిషనర్ అనుమతి ఇచ్చాక.

సీతమ్మధార_శ్రీను
అంటే మా కేసు "జబ్బు చేస్తే" కిందకి వస్తుంది కదా? ఏడాది దాకా జైలు?

కోర్టురోడ్డు
కాగితం మీద వస్తుంది. ఆ హోటల్ తిండి వల్లే జబ్బు చేసిందని రుజువు కావాలి. అక్కడే చిక్కంతా.

ల్యాబ్_పెద్దాయన
ఆ చిక్కు గురించి నేను చెబుతాను. ఆహార పరీక్షల ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను.

శ్రీను బాబూ, మీరు తిన్న బిర్యానీ అయిపోయింది. మీరు ఫిర్యాదు చేసి, ఆఫీసరు వెళ్లి, గిన్నెలోంచి తీసింది వేరే రోజు వంట. అది బాగుందని రిపోర్టు రావచ్చు, వచ్చినా ఆశ్చర్యం లేదు. వండిన అన్నం గంటల తరబడి బయట వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. దాని బీజాలు ఉడికినా చావవు. వాంతులు తెప్పించే విషం ఒకసారి తయారయ్యాక అన్నాన్ని మళ్లీ వేడిచేసినా పోదు. పెద్ద హోటళ్లలో పొద్దున వండిన బిర్యానీ రాత్రి దాకా నడుస్తుంది, మీ ఇంట్లో జరిగింది ఇదే అయి ఉండొచ్చు, కాకపోయీ ఉండొచ్చు. తేల్చాలంటే ఆ రోజు మిగిలిన ముద్ద కావాలి. ఎవరికైనా ఇలా జరిగితే మిగిలింది చెత్తబుట్టలో వేయకుండా శుభ్రమైన డబ్బాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఆసుపత్రిలో మల పరీక్ష, కల్చర్ (సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష) చేయమని డాక్టర్ని అడగండి. సెలైన్ పెట్టి పంపించేస్తే జబ్బు తగ్గుతుంది గానీ ఆధారం మిగలదు.

ఇంకో సంగతి. శాంపిల్ అంటే అన్నీ ఒకటి కాదు. సర్వే కోసం తీసేవి వేరు, కేసు కోసం చట్టప్రకారం తీసేవి వేరు. కేసు కోసం తీసిన శాంపిల్‌ని నాలుగు భాగాలు చేసి, సీలు వేసి, యజమాని ముందే సంతకాలు తీసుకుని, ధర చెల్లించి తీసుకోవాలి. ఒకటి ల్యాబ్‌లో పరీక్షించే ఫుడ్ అనలిస్టుకి, రెండు పై అధికారి దగ్గర, నాలుగోది యజమాని కోరితే గుర్తింపు ఉన్న వేరే ల్యాబ్‌కి. అనలిస్టు 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. దాని మీద యజమాని 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, అప్పుడు మళ్లీ పరీక్షించడానికి రిఫరల్ ల్యాబ్‌కి పోతుంది. సర్వే శాంపిల్ ఫెయిలైతే కేసు పెట్టలేరు, మళ్లీ వెళ్లి చట్టప్రకారం తీయాలి. మీ హోటల్‌లో తీసింది ఏ రకమో ముందు కనుక్కోండి.

గాజువాక_గోపి
ఇన్ని నియమాలు దొంగని కాపాడటానికేనా పెద్దాయనా? నాలుగు భాగాలు, రెండు ల్యాబ్‌లు, అప్పీలు. ఈలోగా వాడు లక్ష ప్లేట్లు అమ్ముతాడు.

ల్యాబ్_పెద్దాయన
ఒక్క ల్యాబ్ తప్పు రిపోర్టు ఇస్తే ఒక కుటుంబం రోడ్డున పడుతుంది గోపీ. 2015లో మ్యాగీ మీద నిషేధం పెట్టినప్పుడు బాంబే హైకోర్టు ఎందుకు కొట్టేసింది? కంపెనీ వాదన వినలేదని, పరీక్ష చేసిన ల్యాబ్‌లకి తగిన గుర్తింపు లేదని. పద్ధతి తప్పితే పెద్దవాడే ముందు బయటపడతాడు, ఎందుకంటే లాయర్లని పెట్టుకునే స్తోమత వాడికే ఉంటుంది. కేసు నిలబడాలంటే సీలు సరిగా ఉండాలి. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ నా బాధంతా అదే.

ఉప్మాపెసరట్టు
ఎంవీపీ కాలనీ వైపు చిన్న టిఫిన్ సెంటర్ మాది, నేనూ మా ఆయనా నడుపుతాం. ఇక్కడ అందరూ పెద్ద హోటళ్ల గురించి మాట్లాడుతున్నారు గానీ ఫైన్ పడేది మాలాంటి వాళ్లకే. మా దగ్గర కారం శాంపిల్ తీశారు, రంగు కలిసిందని వచ్చింది. ఆ కారం మేం దంచింది కాదు, హోల్‌సేల్ కొట్లో కొన్నది. కేసు మా మీద. జేసీ ఆఫీసు చుట్టూ తిరగడానికి షాపు మూసుకోవాలి, ఆ రోజు గిరాకీ పోతుంది. ఆఖరికి కట్టాం, మాకది ఒక నెల మిగులు. ఆ కారం అమ్మినవాడి దగ్గరికి ఎవరూ వెళ్లలేదు.

కోర్టురోడ్డు
అక్కా, బిల్లు ఉందా మీ దగ్గర? కొన్న బిల్లునే చట్టం గ్యారంటీగా లెక్కిస్తుంది. బిల్లు చూపించి, మీరు కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే వాడానని చెబితే మీకు రక్షణ దొరుకుతుంది, అమ్మినవాడిని కేసులోకి లాగొచ్చు.

ఉప్మాపెసరట్టు
తమ్ముడూ, పూర్ణా మార్కెట్‌లో ఐదు కేజీల కారానికి బిల్లు అడిగి చూడు. "ఇష్టమైతే తీసుకో, లేదంటే వేరే కొట్టుకి పో" అంటారు. అప్పు మీద సరుకు ఇచ్చేవాడు ఆయనే, ఆయనతో గొడవ పెట్టుకుని రేపు పొద్దున దోశ ఎలా వేయను?

మధురవాడ_అమ్మ
ఈ మాట వింటే బాధేసింది. అయినా ఒకటి అడగనా అక్కా, ఏమీ అనుకోకు. ఆ రంగు కారం మా పిల్లల కడుపులోకే వెళ్లింది కదా. చిన్న షాపని వదిలేయమనలేను నేను.

ఉప్మాపెసరట్టు
వదిలేయమనడం లేదమ్మా. మా పిల్లలూ అదే తింటారు. నన్ను పట్టుకున్నవాళ్లు అదే రోజు నా వెనకాల ఉన్నవాడిని కూడా పట్టుకోవాలి అంటున్నాను. ఒక్క హోల్‌సేల్ కొట్టు మూయిస్తే నాలాంటి షాపులు వందల్లో బాగుపడతాయి.

కోర్టురోడ్డు
ఇది నూటికి నూరుపాళ్లు న్యాయమైన మాట. సరుకు ఎక్కడ నుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి పట్టుకునే అధికారం చట్టంలోనే ఉంది, కల్తీ పదార్థం దగ్గర పెట్టుకున్నందుకే 57వ సెక్షన్ కింద 2 లక్షల దాకా, అది ఆరోగ్యానికి హాని చేసేదైతే 10 లక్షల దాకా వేయొచ్చు. చిన్నవాళ్ల గురించి చట్టం ఆలోచించింది కూడా. అడిగిన నాణ్యత లేని సరుకు అమ్మిన కేసులో, రిజిస్ట్రేషన్ మీద నడిచే చిన్న వ్యాపారులకి 25 వేలు దాటకూడదని ఉంది. తోపుడు బళ్లు, చిన్న కొట్లవాళ్లు జైలు లేని తప్పుల్ని డబ్బు కట్టి రాజీ చేసుకోవచ్చు, అదీ లక్ష దాటకుండా. ఈ సంగతి వాళ్లకి చెప్పేవాళ్లే లేరు.

కంచరపాలెం_కృష్ణ
మరి మా వీధి చివర నూడుల్స్ బండివాడికి అక్కడికక్కడే ఫైన్ రాసి రసీదు ఇచ్చారు. జేసీ దాకా ఎక్కడికి వెళ్లింది? నా కళ్లతో చూశాను.

కోర్టురోడ్డు
అది జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) శానిటరీ వాళ్లు అయి ఉంటారు. చెత్త, మురుగు, ప్లాస్టిక్ మీద వేసే ఫైన్ అది, మున్సిపల్ చట్టం కింద. ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు వేరే శాఖ, ఆయనకి అక్కడికక్కడ డబ్బు తీసుకునే అధికారం లేదు. రసీదు లేకుండా "సెటిల్ చేసుకుందాం" అని ఎవరన్నా అడిగితే అది ఫైన్ కాదు, లంచం. అవినీతి నిరోధక శాఖకి ఫిర్యాదు చేయండి.

జాలారిపేట_రాజు
చేపల సంగతి ఎవరూ ఎత్తలేదేటి? చేప కుళ్లకుండా ఫార్మలిన్ అనే రసాయనం పూస్తున్నారంటూ 2018లో పెద్ద గొడవ చేశారు, అస్సాం వాళ్లు ఆంధ్రా చేప వద్దని ఆపేశారు. అప్పుడు హార్బర్‌లో మాకు బేరాల్లేవు. పొద్దున్నే పడవ దిగిన చేపకి ఫార్మలిన్ ఎవడు పూస్తాడు? మా ఆడవాళ్లు బుట్టలో పెట్టుకుని మధ్యాహ్నానికల్లా అమ్మేసుకుంటారు. అనుమానం వస్తే దూరం నుంచి లారీల్లో వచ్చే సరుకు చూడాలి. తప్పు ఒకడిది, మాట పడేది మేము.

మధురవాడ_అమ్మ
రాజు గారూ, కొనేటప్పుడు ఎలా గుర్తుపట్టాలి?

జాలారిపేట_రాజు
మొప్పలు ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. కన్ను ఉబ్బెత్తుగా, నీళ్లగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. సముద్రం వాసన రావాలి గానీ కుళ్లు వాసన రాకూడదు. చేప పాతబడినట్టు కనిపిస్తూ ఈగ ఒక్కటీ వాలకపోతే మాత్రం కొనకండి.

ల్యాబ్_పెద్దాయన
రాజు చెప్పింది మంచి పద్ధతే, కానీ ఈగలు వాలకపోవడం రుజువు కాదు, అనుమానానికి పనికొస్తుంది అంతే. ఫార్మలిన్ పట్టడానికి పేపర్ స్ట్రిప్ కిట్లు ఉన్నాయి, కొచ్చిలోని సీఐఎఫ్‌టీ (కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ) తయారుచేసింది. ప్రతి చేపల మార్కెట్ దగ్గర అవి ఉంటే అసలైన జాలర్ల మీద ఈ నింద పడదు.

స్టవ్‌దగ్గర
నేను సిటీలో వంటగదుల్లోనే పనిచేస్తున్నా, ఎక్కడో అడగకండి. ఇన్‌స్పెక్షన్ అంటే చాలు టోపీలు, గ్లౌజులు బీరువాలోంచి బయటికొస్తాయి. వచ్చినవాళ్లు వెళ్లగానే అవి మళ్లీ లోపలికి. నూనె గురించి చెబుతా. వేయించిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ అని, నూనె మళ్లీ మళ్లీ కాగితే పుట్టే చెడు పదార్థాలు ఉంటాయి, అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జూలై నుంచి రూల్. చిన్న మీటరు ముంచితే అంకె కనిపిస్తుంది. రోజుకి 50 లీటర్లకి మించి వాడేచోట రికార్డు రాయాలి, వాడేసిన నూనెని గుర్తింపు ఉన్నవాళ్లకే ఇవ్వాలి. నేను చేసినచోట ఆ మీటరు మేనేజరు సొరుగులో సీల్ తీయకుండా ఉంది. నల్లబడ్డ నూనెని క్యాన్లలో పోసి ఎవరో పట్టుకెళ్లేవారు, ఎక్కడికి వెళ్లేదో ఆలోచిస్తే బీచ్ రోడ్డు మీద బజ్జీ తినాలంటే భయమేస్తుంది.

గాజువాక_గోపి
నువ్వే ఫిర్యాదు చేయొచ్చు కదా మరి?

స్టవ్‌దగ్గర
ఉద్యోగం పోతుంది అన్నా. శ్రీకాకుళం నుంచి వచ్చి రూమ్ అద్దె కట్టుకుంటున్నా. పేరు బయటికి రాకుండా చెప్పే దారి ఉంటే చెప్పండి, ఫోటోలు ఉన్నాయి నా దగ్గర.

కోర్టురోడ్డు
ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫోటోలు పెట్టొచ్చు, 1800112100 టోల్ ఫ్రీ నంబరు ఉంది. హోటల్ లైసెన్సు నంబరు 14 అంకెలది, బిల్లు మీదే ఉంటుంది, అది రాస్తే పని త్వరగా అవుతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకో, ఆ మూలన నువ్వు తప్ప ఇంకెవరూ తీయలేని ఫోటో పెట్టకు.

మోడరేటర్
ఇద్దరు సభ్యులు హోటళ్ల పేర్లతో పెట్టిన పోస్టులు తీసేశాను. తీర్పు రాని కేసుల్లో పేర్లు వద్దు. చర్చ బాగా నడుస్తోంది, కొనసాగించండి.

గాజువాక_గోపి
పేర్లు పెట్టకపోతే ఇంకెందుకీ చర్చ? హైదరాబాద్‌లో 2024లో ఫుడ్ సేఫ్టీ వాళ్లు తనిఖీ చేసిన ప్రతి హోటల్ పేరూ, ఏం దొరికిందో, ఫోటోలతో ట్విట్టర్‌లో పెట్టారు. జనం దడుచుకున్నారు, హోటళ్లవాళ్లు వంటగదులు కడుక్కున్నారు. మన దగ్గర కూడా అలాగే చేయాలి. నాకు ఈ జేసీలూ అప్పీళ్లూ వద్దు, కల్తీ చేసినవాడికి యావజ్జీవం వేయాలి.

ల్యాబ్_పెద్దాయన
పేర్లు పెట్టడంలో నీతో సగం ఏకీభవిస్తా. ఏం దొరికిందో పెట్టారు సరే, తర్వాత ల్యాబ్ ఏం చెప్పింది, ఫైన్ ఎంత పడింది, అది కూడా అదే చోట పెట్టాలి. మొదటి రోజు ఫోటో ఒక్కటే మిగిలితే, తప్పు చేయనివాడు మాసిపోతాడు, చేసినవాడు నాలుగు వారాల్లో అందరూ మర్చిపోతారని ధీమాగా ఉంటాడు.

యావజ్జీవం సంగతికొస్తే, పాల కల్తీ కేసులో 2016లో సుప్రీంకోర్టే శిక్షలు పెంచే విషయం ఆలోచించమంది. సరే, పెంచారనుకో. ల్యాబ్‌లో మనుషులు లేకపోతే, ఆఫీసరు ఒక్కడే వందల షాపులు చూడాల్సి వస్తే, ఆ శిక్ష ఎవరికి వేస్తావు? తప్పు చేసినవాడు పట్టుబడతానని నమ్మాలి. పదివేల ఫైనే అయినా నెలలోపు పడి, ఆ కాగితం గల్లాపెట్టె పక్కన అంటించాలని పెడితే చాలు, మారతాడు.

కంచరపాలెం_కృష్ణ
ఇది బాగుంది. జరిమానా ఆర్డరు కౌంటర్ దగ్గర అంటించాలి. రేట్ల బోర్డు పెట్టట్లేదా?

గాజువాక_గోపి
సరే, పెద్దాయనతో వాదించి గెలవలేం. కానీ చచ్చిపోయిన కేసుల్లో మాత్రం నేను తగ్గను.

కోర్టురోడ్డు
అక్కడ ఎవరూ తగ్గమనట్లేదు. చనిపోతే కనీసం 5 లక్షల పరిహారం కూడా బాధితుల కుటుంబానికి ఇప్పించాలి, 65వ సెక్షన్. తీవ్ర హానికి 3 లక్షల దాకా, మిగతా హానికి లక్ష దాకా. శ్రీను గారూ, ఇది ఫైన్ కాదు, ప్రభుత్వానికి పోదు, మీకే వస్తుంది. ఈ సెక్షన్ గురించి అడిగేవాళ్లే ఉండరు.

ఇంకో మాట, చాలామంది పోలీస్ స్టేషన్‌కి వెళ్లి ఎఫ్ఐఆర్ రాయించమంటారు. పాత ఐపీసీలో 272, 273 సెక్షన్లు ఉండేవి, 2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత)లో అవి 274, 275 అయ్యాయి. ఐపీసీ సెక్షన్ల మీద 2024 ఫిబ్రవరిలో రామ్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, 59వ సెక్షన్ వర్తించేచోట ఆహార భద్రత చట్టమే నడుస్తుంది, రెంటి కిందా కేసు పెట్టడం కుదరదని. కాబట్టి స్టేషన్ చుట్టూ తిరిగి టైం పోగొట్టుకోకండి. ఫుడ్ సేఫ్టీ ఆఫీసులోనే గట్టిగా పట్టుకోండి.

సీతమ్మధార_శ్రీను
చాలా విషయాలు తెలిశాయి. ఇప్పుడు ఒకటి అడుగుతాను. నోటీసు ఇచ్చారన్నారు గానీ హోటల్ మూయలేదు. అది ఎలా న్యాయం? ఇంతమంది జబ్బు పడ్డాక కూడా?

కోర్టురోడ్డు
అది ఇంప్రూవ్‌మెంట్ నోటీసు అయి ఉంటుంది, 32వ సెక్షన్. సరిదిద్దుకోవడానికి కనీసం 14 రోజులు గడువు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అందుకే వారానికి తెరిచే కనిపించింది. గడువులోపు సరిచేయకపోతే లైసెన్సు సస్పెండ్, అప్పటికీ మారకపోతే రద్దు. జనం ప్రాణాలకి వెంటనే ముప్పు ఉంటే 34వ సెక్షన్ కింద అత్యవసరంగా మూయించొచ్చు, దానికి కమిషనర్ ఆర్డరు కావాలి. మీ కేసులో అది ఎందుకు వాడలేదో అడిగే హక్కు మీకుంది. ఒకే ఇంట్లో ఇంతమంది పడిపోయారంటే వాడాల్సిన సందర్భమే అని నా అభిప్రాయం.

మధురవాడ_అమ్మ
పద్నాలుగు రోజులా! ఆ పద్నాలుగు రోజులు తినేవాళ్ల సంగతి? కనీసం గేటు మీద ఒక కాగితం అంటించినా జనం చూసుకుని వెళ్తారు కదా. దీన్ని మాత్రం నేను ఒప్పుకోలేను.

ఉప్మాపెసరట్టు
ఈ విషయంలో నేనూ మీతోనే అమ్మా. మాకు నోటీసు వస్తే మేమే అంటించుకుంటాం, బాగుచేసుకున్నాక తీసేస్తాం. దాచిపెట్టడం వల్లే అందరి మీదా అనుమానం.

స్టవ్‌దగ్గర
లైసెన్సు రద్దు చేస్తే మా వాళ్లు ఏం చేశారో తెలుసా, అదే వంటగది, అదే కుక్కులు, యాప్‌లో కొత్త పేరు. బోర్డు కూడా లేదు, పార్సిల్ ఒక్కటే. తినేవాళ్లకి ఎలా తెలుస్తుంది?

కంచరపాలెం_కృష్ణ
ఇది చాలా దారుణం. అడ్రసు చూసి ఆర్డర్ పెట్టాలన్నమాట ఇకనుంచి.

కోర్టురోడ్డు
అది కూడా యాప్‌లో ఫిర్యాదు చేయాల్సిన విషయమే తమ్ముడూ. లైసెన్సు లేకుండా వ్యాపారం చేయడం వేరే నేరం, ఫైనే 10 లక్షల దాకా ఉంది. ఒకసారి శిక్ష పడ్డవాడు అదే తప్పు మళ్లీ చేస్తే 64వ సెక్షన్ కింద మొదటిదానికి రెట్టింపు, లైసెన్సు రద్దు. వేసిన జరిమానా కట్టకపోతే భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేస్తారు, కట్టేదాకా లైసెన్సు ఆపేస్తారు. పళ్లు బాగానే ఉన్నాయి చట్టానికి, కొరికే మనుషులు కావాలి.

శ్రీను గారూ, మీరు చేయాల్సినవి. కన్స్యూమర్ కమిషన్‌లో విడిగా కేసు వేయండి, 5 లక్షల లోపు అయితే కోర్టు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. దీనికీ ఫుడ్ సేఫ్టీ కేసుకీ సంబంధం లేదు, రెండూ నడుస్తాయి. ఫుడ్ సేఫ్టీ కేసుకి మాత్రం గడువు ఏడాదే, కమిషనర్ కారణం రాసి మూడేళ్ల దాకా పొడిగించొచ్చు. ఆఫీసులో ఫైలు పడుకుంటే ఏడాది ఇట్టే అయిపోతుంది. అందుకే ఆర్టీఐ పెట్టండి ఇప్పుడే.

సీతమ్మధార_శ్రీను
ఆర్టీఐ కాగితం రాశాను, ఒకసారి చూడండి. పేరూ అడ్రసూ తీసేసి ప్రశ్నలు మాత్రం పెడుతున్నా.

ఒకటి, ఫలానా తేదీన ఫలానా హోటల్‌లో తీసిన శాంపిల్ చట్టప్రకారం తీసిందా, సర్వే శాంపిలా, అనలిస్టుకి ఏ తేదీన పంపారు, రిపోర్టు నకలు ఇవ్వండి. రెండు, ఇచ్చిన నోటీసు నకలు, గడువు తేదీ, గడువు తర్వాత చేసిన తనిఖీ రిపోర్టు నకలు. మూడు, ఇంతమంది జబ్బు పడినా హోటల్‌ని అత్యవసరంగా ఎందుకు మూయించలేదు? నాలుగు, పోయిన మూడేళ్లలో విశాఖ జిల్లాలో జేసీ ఎన్ని కేసుల్లో జరిమానా వేశారు, మొత్తం ఎంత, అందులో వసూలైంది ఎంత.

ల్యాబ్_పెద్దాయన
నాలుగోది చాలా మంచి ప్రశ్న. అంకె వచ్చాక ఇక్కడ పెట్టండి, అందరం చూడాలి. మొదటి దానిలో శాంపిల్‌ని ఏ ఉష్ణోగ్రతలో పంపారో కూడా చేర్చండి. వండిన తిండిని ఐస్ లేకుండా పంపితే ఆ రిపోర్టుని నమ్మలేం.

కోర్టురోడ్డు
మూడో ప్రశ్నలో "ఎందుకు" తీసేయండి. ఎందుకు అని అడిగితే అది సమాచారం కిందకి రాదని ఒక్క లైన్లో తిప్పి పంపేస్తారు. "34వ సెక్షన్ కింద చర్య కోసం కమిషనర్‌కి పంపిన ప్రతిపాదన, దాని మీద రాసిన నోట్ ఫైలు నకళ్లు ఇవ్వండి" అని రాయండి. పది రూపాయల ఫీజు కట్టి, అసిస్టెంట్ ఫుడ్ కంట్రోలర్ ఆఫీసులో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. 30 రోజులు దాటితే నాకు చెప్పండి, మొదటి అప్పీలు నేను రాసిస్తాను.

ఉప్మాపెసరట్టు
నాలుగో ప్రశ్నలో చిన్న షాపులు ఎన్ని, హోల్‌సేల్ వ్యాపారులు ఎంతమంది అని విడివిడిగా అడగండి బాబూ.

సీతమ్మధార_శ్రీను
రాశానక్కా. సోమవారం పొద్దున్నే వెళ్లి ఇస్తాను.